పిలకాయలకు మొదటి తోలుబొమ్మలాట: ఆ రాత్రిని ఎలా అమర్చాలి

చిన్నప్పుడు చూసిన మొదటి ఆట మనసులో ఎంత లోతుకు దిగుతుందనేది ఆట గొప్పదనం ఒక్కదానితో తేలేది కాదు. ఎంత చీకట్లో చూశారు, తెరకు ఎంత దగ్గరగా కూర్చున్నారు, మద్దెల దెబ్బ గుండెకు తగిలిందా, పక్కన పెద్దవాళ్లు మాట్లాడకుండా ఉన్నారా అనేవాటితో తేలుతుంది. ఇవన్నీ ఆట పెట్టించేవాళ్ల చేతుల్లో ఉన్న పనులే. అయిదేళ్ల నుంచి పదేళ్ల లోపు పిల్లలకు తోలుబొమ్మలాట మొదటిసారి చూపించాలనుకునే వీధివాళ్లకూ, బడి పంతుళ్లకూ, ఊరి పెద్దలకూ పనికొచ్చేలా ఆ పనులు ఇక్కడ రాస్తున్నాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి ఇవి.

ఎప్పుడు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు. మన వైపు పెద్ద వానలు, తుఫాన్లు ఆ నెలల్లోనే. ఇబ్బంది వాన ఒక్కటే కాదు. పచ్చితోలును గీకి, పలచన చేసి, ఆరబెట్టి బొమ్మ కోస్తారు. గాలిలో తేమ పెరిగితే ఆ తోలు మెత్తబడుతుంది, అంచులు వంకర్లు పోతాయి. అప్పుడు బొమ్మ తెరకు పూర్తిగా ఆనదు, ఆనని చోటల్లా రంగు మసకబారుతుంది.

సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. పొద్దు త్వరగా కుంకుతుంది కాబట్టి ఏడింటికే మొదలుపెట్టొచ్చు. మంచు బాగా పడే రాత్రుల్లో మాత్రం పొద్దుపోయేకొద్దీ తెరగుడ్డ చెమ్మగిల్లుతుంది, తొమ్మిదింటికల్లా ముగించుకోవాలి. రెండో కాలం వేసవి సెలవులు. పెన్నా ఆయకట్టు కింద కోతలు అయిపోయి మళ్లు ఖాళీగా ఉంటాయి, పరీక్షల బెంగ ఉండదు. అయితే మేలో బాగా చీకటి పడేసరికి ఏడున్నర అవుతుంది. అంతకుముందే మొదలుపెడితే మొదటి పావుగంట వెలవెలబోతుంది, ఆ పావుగంట మళ్లీ దొరకదు.

తేదీ ఖాయం చేసేముందు పంచాంగం చూడండి. బహుళ చవితి దాటిన దగ్గర్నుంచి అమావాస్య దాకా ఏ రోజైనా పర్వాలేదు, చంద్రుడు పైకొచ్చేసరికి ఆట అయిపోతుంది. పౌర్ణమికి ముందు వారం రోజులూ, తర్వాత మూడు నాలుగు రోజులూ తెర మీద రంగులు సగం చచ్చిపోతాయి. ఆలయాల్లో పౌర్ణమికి ఉత్సవం ఉందని ఆ రోజే ఆట కూడా పెట్టేస్తుంటారు. పెద్దలకైతే సరే, మొదటిసారి చూసే పిల్లల కోసమైతే వేరే రోజు పెట్టండి.

బృందంతో మాట్లాడుకోవాల్సినవి

తోలుబొమ్మలాట కుటుంబాల ఆట. బృందంలో ఆరుగురి నుంచి పది మంది దాకా ఉంటారు. ఆడవాళ్లు పాట అందుకుంటారు, పిల్లలు బొమ్మలు అందిస్తారు. చాలామంది ఇళ్లలో మాట్లాడుకునేది ఆరె మరాఠీ అనే మరాఠీ యాస, తెర మీద పలికేది తెలుగు. మన జిల్లాల్లో బృందం తెలియకపోతే భాషా సాంస్కృతిక శాఖవాళ్లను అడగవచ్చు. సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఈ కళకు పేరుపడ్డ ఊరు. 2020 పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే.

ఒప్పుకునేముందు నాలుగు సంగతులు తేల్చుకోండి. మొదటిది, ఒకటే కథ. నాలుగు కథల్లోంచి నాలుగు ముక్కలు కలిపి చూపించమని అడగకండి. బడి వార్షికోత్సవాల్లో పది నిమిషాల బిట్టు ఆడిస్తుంటారు, అది పిల్లల్లో నిలవదు. పాటలోని ద్విపద (రెండేసి పాదాల పద్యం) నడకకు చెవి అలవాటు పడటానికే పది పదిహేను నిమిషాలు పడుతుంది. చెవి అలవాటు పడ్డాకే కన్ను బొమ్మను నమ్మడం మొదలుపెడుతుంది.

రెండోది, నిడివి. పాతరోజుల్లో రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవార్లూ సాగేది. చిన్నపిల్లలకు గంటంబావు నుంచి గంటన్నర చాలు. ఆట తక్కువసేపు కదా అని డబ్బు తగ్గించమని బేరమాడటం న్యాయం కాదు. ప్రయాణం, పందిరి, తెర కట్టడం, బొమ్మల సర్దుబాటు అన్నీ రాత్రంతా ఆడినంత పనే. బండి ఖర్చు, రెండుపూటల భోజనం, రాత్రి పడుకునే చోటు కూడా ఒప్పందంలోనే చెప్పేసుకోండి, కొంత ముందుగా ఇవ్వండి.

మూడోది, హాస్యం. కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చే ఘట్టాల్లో కొన్ని మాటలు మోటుగా ఉంటాయి. ఆ ఘట్టాలే వద్దనకండి. రాక్షసుణ్ణి చూసి బిగుసుకున్న పిల్లలు మళ్లీ ఊపిరి తీసుకునేది వాటిలోనే. ఎదురుగా పిల్లలే ఉంటారని ముందుగా చెబితే చాలు, ఎక్కడ ఏ మాట మార్చుకోవాలో వాళ్లకు బాగా తెలుసు. సినిమా పాటలు మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. జనం అడుగుతారని వాళ్లు పాడతారు, మనం వద్దంటే సంతోషంగా మానేస్తారు.

నాలుగోది, ఏ కథ అన్నది. అయిదారేళ్ల వాళ్లకు లంకాదహనం కన్నా మంచిది లేదు: ఎగరడం, పెరగడం, తోక, నిప్పు. ఏడెనిమిదేళ్ల వాళ్లకు ఉత్తర గోగ్రహణం. తిక్కన తన భారతాన్ని మొదలుపెట్టింది విరాటపర్వంతోనే కాబట్టి నెల్లూరుకు అది ఇంటి కథ. ఒంగోలు గిత్తలను చూసి పెరిగే పిల్లలకు ఆలమందను తోలుకుపోవడమంటే ఎంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు. మైరావణుడి కథ తొమ్మిదేళ్లు దాటాక. కీచక వధ ఈ వయసుకు వద్దు. ఏడుపొచ్చే కథ అని లక్ష్మణమూర్ఛను మాత్రం పక్కన పెట్టకండి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, సంజీవి పర్వతం వచ్చేసరికి వాళ్ల ముఖాలు చూడండి.

చోటు, తెర

బయలు మరీ పెద్దది కాకూడదు. మూడువైపులా ఇళ్ల గోడలో, చెట్లో ఉన్న చోటు వెతకండి, పాట చెదిరిపోకుండా నిలుస్తుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో సాయంత్రం గాలి తూర్పు నుంచి, ఆగ్నేయం నుంచి కొడుతుంది. తెరను గాలికి అడ్డంగా కడితే తెరచాపలా ఉబ్బుతుంది, బొమ్మ ఆనదు. అందుకని తెర తూర్పు పడమరలుగా సాగేలా, చూసేవాళ్లు ఉత్తరానికో దక్షిణానికో తిరిగి కూర్చునేలా కట్టండి. గాలి తెర వెంబడే జారిపోతుంది.

తెరకు నూలు పంచెలు వాడతారు. వెడల్పు పది పన్నెండు అడుగులు, ఎత్తు ఆరడుగులు ఉంటే నాలుగైదు అడుగుల బొమ్మలకు సరిపోతుంది. చాలా బృందాలు తమ గుడ్డ తెచ్చుకుంటాయి. మీరే ఇవ్వాల్సి వస్తే బాగా ఉతికి పలచబడిన పంచెలే ఇవ్వండి. కొత్త పంచెలోని గంజి వెలుగును ఆపుతుంది. పాలిస్టరు గుడ్డ మెరుస్తుంది, వెనకున్న బల్బు చుక్కలా కనబడి చూపు అక్కడే ఆగిపోతుంది. తెర నిట్టనిలువుగా ఉండకూడదు. పైఅంచు చూసేవాళ్ల వైపు జానెడు వాలి ఉంటే బొమ్మ తన బరువుతోనే గుడ్డకు ఆని నిలుస్తుంది. నిలబడిన పాత్రలను ఈతముళ్లతో తెరకు గుచ్చి ఉంచుతారు కాబట్టి చిరుగుతుందని దిగులుపడే ఖరీదైన గుడ్డ ఇవ్వకండి.

తెర కింది అంచు నేలకు మూడడుగుల ఎత్తులో ఉండాలి. ఇంకా పైకి పోతే ముందు వరుస పిల్లల మెడ పడిపోతుంది. ఆ మూడడుగుల ఖాళీని చాపలతో, దుప్పట్లతో మూసేయండి, లేదంటే ఆడేవాళ్ల కాళ్లు కనబడతాయి.

వెలుగు

ఎక్కువ ఆటలు చెడేది ఇక్కడే. ఒకప్పుడు ఆముదపు దీపాలు పెట్టేవాళ్లు. జ్వాల కదిలినప్పుడల్లా బొమ్మ ఊపిరి తీస్తున్నట్టు కనబడేది. ఇప్పుడు గుడ్డ, తోలు, తాళ్ల మధ్య నూనె దీపాలు బృందం తనంతట తాను పెడితేనే, అదీ పక్కన నీళ్లూ ఇసుకా ఉంటేనే. బల్బులైతే పసుపు వెలుగువి తీసుకోండి. తెల్లటి ఎల్‌ఈడీ కింద తోలు ఎరుపు, నారింజ చల్లబడి బొమ్మ ప్లాస్టిక్కులా కనబడుతుంది. ట్యూబులైటు అసలు వద్దు. వెలుగు పొడుగ్గా ఉంటే నీడ అంచు అలుక్కుపోతుంది, బొమ్మ నగల్లో ఉలితో కొట్టిన చిల్లులు కలిసిపోతాయి.

బల్బులు తెరకు రెండు మూడడుగుల వెనక, ఆడేవాళ్ల తలలకన్నా పైన వేలాడాలి. భుజాల ఎత్తులో ఉంటే మనుషుల నీడలు తెర మీద పడతాయి. పది అడుగుల తెరకు రెండు మూడు చాలు. ఎక్కువ పెట్టేకొద్దీ బొమ్మ తెరను వదిలిన క్షణంలో ఒక్క నీడ కాస్తా నాలుగవుతుంది. హనుమంతుడు పెరిగేటప్పుడు ఆడేవాళ్లు బొమ్మను తెర నుంచి వెనక్కి, దీపం వైపు లాగుతారు, నీడ పెద్దదై అంచు కరుగుతుంది. అది నాలుగు నీడలుగా చీలితే ఆ ఘట్టం పోయినట్టే. హేలోజన్ దీపాల వేడికి తోలు ముడుచుకుంటుంది, అవి తేవద్దు.

బయటి వెలుగు ఇంకా ముఖ్యం. దగ్గర్లోని వీధి దీపాలను ఆ రెండు గంటలు ఆపమని పంచాయతీలో రెండు రోజుల ముందే చెప్పండి, ఆపే పని వాళ్ల మనిషే చెయ్యాలి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లను వసారా దీపాలు ఆర్పమని ఇంటింటికీ వెళ్లి అడగండి. ఫోన్లలో వీడియో తీయకూడదని ఆటకు ముందే పెద్దలకు చెప్పాలి. వెలిగే ఒక్క ఫోను పక్కనున్న పదిమంది పిల్లల చూపు లాగేస్తుంది. వీడియో కావాలనుకుంటే ఒక్కరే, అందరి వెనక నుంచి, ఫోను వెలుగు తగ్గించి తీయాలి.

చప్పుడు

మద్దెల, హార్మోనియం, తాళాలు, గజ్జెలు. వీటికి తోడు ఆడేవాళ్ల కాళ్ల కింద చెక్కలు ఉంటాయి. యుద్ధం వచ్చినప్పుడు వాటిని దబదబా తొక్కుతారు. ఆ చప్పుడు ముందు వరుస పిల్లలకు నేలలోంచి ఒంట్లోకి ఎక్కుతుంది. అందుకే పిల్లలను కుర్చీల్లో కాకుండా చాపల మీద కూర్చోబెట్టాలి. నూరు మంది లోపైతే మైకు అక్కర్లేదు. అంతకు మించితే ఒకే పెట్టె స్పీకరు తెర వెనకే, నేల మీద పెట్టించండి, మాట బొమ్మ నోట్లోంచి వచ్చినట్టు ఉంటుంది. చెట్టుకు గొట్టం మైకు కడితే మాట ఒకవైపు, బొమ్మ ఒకవైపు అయిపోతాయి.

కూర్చోబెట్టడం

ముందు వరుస తెరకు ఆరడుగుల దూరంలో, చివరి వరుస ముప్పై అడుగులకు మించకుండా. ముప్పై దాటితే బొమ్మ మీద చిల్లుల పని కనబడదు, అంతా రంగు మచ్చలే. చిన్నవాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. పెద్దలందరూ పిల్లల వెనకే ఉండాలి. ముందువరుస కుర్చీల్లో పెద్దమనుషులను కూర్చోబెట్టే అలవాటు ఈ ఒక్క రాత్రికి మానుకోండి. మూడు నాలుగేళ్ల వాళ్లు ఉంటే అమ్మ ఒళ్లో, చివర్న, లేచి వెళ్లడానికి దారి ఉన్న చోట.

అన్నాలు ముందే పెట్టేయాలి. ఆకలి మీదున్న పిల్లలు అరగంటకు మించి నిలవరు. నమలడానికి ఏమైనా ఇవ్వాలనిపిస్తే కాగితం పొట్లంలో బొరుగులు ఇవ్వండి, చిప్స్ ప్యాకెట్ల చప్పుడు భరించలేం.

కథ ముందుగా చెప్పాలా? చెప్పాలి, కొంచెం. రెండు మూడు రోజుల ముందు అవ్వో తాతో రాత్రిపూట ఎవరు ఎవరికి ఏమవుతారో, గొడవ ఎక్కడ మొదలైందో చెబితే చాలు. ముగింపు చెప్పకపోయినా ఫర్వాలేదు. బొమ్మలు మాత్రం ముందుగా చూపించకండి, ఫోన్లో అసలే వద్దు. రావణుడి పది తలలు మొదటిసారి కనబడాల్సింది తెర మీదే.

మొదలుపెట్టే ముందు వీధి దీపాలు ఆపి, తెర వెనక దీపం మాత్రం వెలిగించి, అయిదు నిమిషాలు ఏమీ జరగనివ్వకండి. కళ్లు చీకటికి అలవాటు పడతాయి, గోల దానంతటదే తగ్గుతుంది. ఉపన్యాసాలు, సన్మానాలు, శాలువాలు ఉంటే అన్నీ ఆట అయ్యాకే. వినాయకుడి బొమ్మ, సరస్వతి స్తుతితోనే ఆ రాత్రి మొదలవ్వాలి.

ఆట సాగుతుండగా

పెద్దలు చేయాల్సింది ఒక్కటే, మాట్లాడకపోవడం. ‘అదుగో చూడు, హనుమంతుడు’ అని చెవిలో చెబితే పిల్లవాడి కన్ను వెతకడం మానేస్తుంది. అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పండి, అడగకపోతే వదిలేయండి. కొందరు పిల్లలు మధ్యలో తెర వెనక్కి పరుగెత్తుతారు. ఒకరిద్దరైతే చూసి రానివ్వండి, గుంపుగా పోతే ఆపండి, అక్కడ కరెంటు తీగలుంటాయి.

భయపడేవాళ్లు తప్పకుండా ఉంటారు. రాక్షసి నీడ తెర నిండా పెరిగినప్పుడు అయిదేళ్ల పిల్ల ఏడిస్తే అది ఆట బాగా ఆడినట్టే. నవ్వకండి, ‘ఉత్త బొమ్మే కదమ్మా’ అనకండి. ఎత్తుకుని రెండు వరుసలు వెనక్కి వెళ్లండి. దూరం పెరిగితే నీడ చిన్నదవుతుంది, చూడాలన్న కోరిక అలాగే ఉంటుంది. చాలామంది మళ్లీ తిరిగి చూస్తారు. అప్పటికీ తగ్గకపోతే ఆట అయ్యాక ఆ ఒక్క బిడ్డను తెర వెనక్కి తీసుకెళ్లి, అదే రాక్షసి బొమ్మను పట్టుకోనివ్వమని ఆడినాయన్ను అడగండి. భయాన్ని ఇంటికి మోసుకెళ్లనివ్వకూడదు.

మిగతా పిల్లలను ఆ రాత్రి మీరుగా తెర వెనక్కి తీసుకెళ్లకండి. తెల్లారేదాకా వాళ్ల తలలో ఆ బొమ్మలు బొమ్మలుగా కాకుండా మనుషులుగా ఉండనివ్వాలి.

మర్నాడు

బృందం ఊళ్లోనే పడుకుంటుంది కాబట్టి పొద్దున టిఫిన్లయ్యాక, వాళ్లకు వీలైన వేళకు అయిదారుగురు చొప్పున పిల్లలను తీసుకెళ్లండి. బొమ్మను ఎండకు అడ్డంపెట్టి చూస్తేనే రంగు తోలులో ఎలా ఇంకిందో తెలుస్తుంది. మెడ, భుజం, మోచేయి దగ్గర దారపు ముళ్లు, వెన్నుకు నిలువునా చీల్చిన కర్ర, చేతులకు విడి పుల్లలు. ఇవన్నీ పిల్లలే వెతికి కనిపెట్టనివ్వండి. ముట్టుకునే ముందు అడగాలి, చేతులు కడుక్కోవాలి. నూనె చేతులు తగిలితే రంగు పాడవుతుంది. ఇది నిజంగా తోలేనా అని అడుగుతారు. అవునని, ఎక్కువగా మేకతోలని, ఒకప్పుడు జింకతోలు కూడా వాడేవాళ్లని, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది కుదరదని ఉన్నదున్నట్టు చెప్పండి.

ఏం నేర్చుకున్నావని అడగొద్దు. వ్యాసం రాయించొద్దు, బొమ్మల పోటీ పెట్టొద్దు. పోటీ పెట్టగానే మంచి బొమ్మ, చెడ్డ బొమ్మ అన్న లెక్క మొదలై, రాత్రి చూసింది పక్కకు పోతుంది. కావాల్సిన సామాను మాత్రం ఇంట్లో అందుబాటులో పెట్టండి.

కాగితం బొమ్మ

మందమైన డ్రాయింగ్ షీటు, స్కెచ్ పెన్నులు, కొబ్బరినూనె ఒక చెంచా, కొంచెం దూది, దబ్బనం, గట్టి నూలుదారం, కొబ్బరి ఈనెలు మూడు, నల్ల పెన్సిలు. బొమ్మ జానెడున్నర ఎత్తుంటే చాలు. ముఖం పక్కకు తిరిగి ఉండాలి, నీడలో ముక్కు, గడ్డం కనబడేది అప్పుడే. మొండెం, తల, కాళ్లు ఒకే ముక్కగా, ప్రతి చేతికీ పైచెయ్యి, ముంజెయ్యి విడిగా కత్తిరించండి. కీళ్ల దగ్గర అరంగుళం ఎక్కువ వదలాలి, అక్కడ ఒక ముక్క మీద ఇంకోటి వస్తుంది.

ముందు రంగులు, తర్వాత నూనె. ఈ వరుస తప్పితే పని చెడుతుంది, నూనె పట్టిన కాగితం మీద స్కెచ్ పెన్ను అంటదు. రంగు ఆరాక దూదితో నూనె పలచగా రెండువైపులా రుద్ది, పాత పేపర్ల మధ్య పెట్టి, మీద బరువుంచి రాత్రంతా వదలండి. పొద్దునకు కాగితం తోలులా వెలుగు దాటనిస్తుంది. ఎక్కువ నూనె పోస్తే తెరకు మరకలు అంటుతాయి. తర్వాత బొమ్మ కింద మెత్తటి గుడ్డ పరిచి నగలు, కిరీటం, పంచె అంచు దగ్గర దబ్బనంతో చిల్లులు పొడవండి. దబ్బనం పని పెద్దవాళ్లు పక్కనుంటేనే. చిల్లుకూ చిల్లుకూ మధ్య బియ్యపుగింజంత ఎడముండాలి, లేకపోతే కాగితం చినిగిపోతుంది.

కీలుకు దారం గుచ్చి రెండువైపులా ముడి వేయాలి. దారాన్ని బిగించి ముడేస్తే చెయ్యి ఎత్తిన చోటే ఆగిపోతుంది. కొద్దిగా వదులుంచితే దానంతటదే కిందికి వాలుతుంది, నడకకు ప్రాణమొచ్చేది అందులోనే. ఈనెలలో ఒకటి వెన్నుకు నిలువునా కుట్టాలి, రెండు ముంజేతుల చివర్లకు కట్టాలి.

తెరకు రెండు కుర్చీల మధ్య పంచె. వెలుగుకు ఫోను టార్చి ఒక్కటే, నాలుగడుగుల వెనక. అది చిన్న చుక్క వెలుగు కాబట్టి నీడ చాకులా పడుతుంది. రెండో ఫోను తెచ్చి వెలుగు పెంచుదామంటారు పిల్లలు. పెట్టి చూడనివ్వండి, నీడ రెండవడం వాళ్లే చూస్తారు.

బొమ్మ వారానికి దుమ్ము పట్టి నల్లబడుతుంది, కీలు తెగుతుంది. ఇంకోటి చేసుకోమనండి, పాతది దాచిపెట్టక్కర్లేదు.

మళ్లీ ఆట పెట్టించే వీలుంటే ఏడాది ఆగి, అదే బృందంతో, అదే కథ ఆడించండి. కొత్త కథ కావాలని పెద్దలు అంటారు. పిల్లలు మాత్రం తోకకు నిప్పంటుకునే ఘట్టం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు, అది రాబోతోందని తెలిసి కూర్చోవడం వాళ్లకు మొదటిసారి దొరకని సంతోషం. అప్పుడు నిరుడు వెనక వరుసకు వెళ్లిన బిడ్డను ఎక్కడ కూర్చుంటావని అడిగి, చెప్పిన చోటే కూర్చోబెట్టండి.